కాన్పు గదిలో మీ డిగ్రీకి పనుంది!

నర్సింగ్ చదివినవాళ్లకే కాదు.. బీకాం, బీఎస్సీ, ఇంజినీరింగ్ విద్యార్థులకూ తల్లీబిడ్డల ఆరోగ్య రంగంలో చోటుంది. గుమ్మఘట్ట లాంటి కరవు మండలంలో ఒక్క కాన్పు క్షేమంగా జరగాలంటే ఎన్ని చదువులు కలవాలో తెలుసుకోండి. మీ కెరియర్‌కి ఓ కొత్త దారి దొరకొచ్చు.

ఒక రాత్రిని ఊహించుకోండి. అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఓ చిన్న పల్లె. ఏప్రిల్ నెల. పగలంతా కాసిన ఎండకి గోడలు ఇంకా సెగలు కక్కుతున్నాయి. భైరవానితిప్ప ప్రాజెక్టులో నీళ్లు అడుగంటాయి. వేరుసెనగ ఈసారీ చేతికి రాలేదు. భర్త బెంగళూరుకు కూలి పనికి వెళ్లాడు. ఇంట్లో ఇరవై ఏళ్ల అమ్మాయి, నెలలు నిండాయి.

రాత్రి పదకొండుకు నొప్పులు మొదలయ్యాయి. ‘తొలి కాన్పు కదా, తెల్లారేదాకా టైముంది, చూద్దాంలే’ అంది అత్త. ఒంటిగంటకు ఉమ్మనీరు పోయింది. అప్పుడు ఆశ అక్కకి ఫోను. ఆమె నుంచి 108కి ఫోను. బండి వచ్చి, రాయదుర్గం ఆసుపత్రికి చేరేసరికి ఇంకొంత సమయం. బిడ్డ పుట్టింది, ఏడ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ తల్లికి రక్తస్రావం ఆగట్లేదు. ‘అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి’ అన్నారు. అది అక్కడి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు.

ఈ అమ్మాయి కల్పితం. ఆ ఎండ, ఆ వలస, ఆ దూరం మాత్రం నిజం.

ఇప్పుడు ఆ రాత్రి ఎవరెవరి పని అవసరమైందో లెక్కపెట్టండి. ఆశ కార్యకర్త, 108 కాల్‌సెంటర్‌లో ఫోనెత్తినవాళ్లు, బండిలోని ఎమర్జెన్సీ టెక్నీషియన్, డ్రైవర్, లేబర్ రూమ్ స్టాఫ్ నర్సు, డాక్టర్, రక్తం గ్రూపు చూసిన ల్యాబ్ టెక్నీషియన్, రక్తనిధి సిబ్బంది, ఇంజెక్షన్‌ని చల్లగా దాచిన ఫార్మసిస్టు, ఆ ఫ్రిజ్‌ని బాగుచేసిన మెకానిక్కు. పెద్దాసుపత్రికి చేరాక మత్తు డాక్టర్, సర్జన్. వీళ్లలో ఒక్కరు తడబడినా కథ మరోలా ముగుస్తుంది. ఈ ఉద్యోగాల్లో చాలావాటికి దారి మీరు ఇప్పుడు కూర్చున్న క్లాస్‌రూమ్ నుంచే మొదలవుతుంది.

ఎంత దూరం వచ్చాం?

ముందు ఓ మంచి మాట. లక్షమంది బిడ్డలు ప్రాణంతో పుట్టే క్రమంలో ఎంతమంది తల్లులు చనిపోతున్నారన్న లెక్కని మాతృ మరణాల నిష్పత్తి అంటారు. పోటీపరీక్షలు రాసేవాళ్లకి ఇది తెలిసిన పదమే. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 195. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. దేశ సగటు అదే కాలంలో 301 నుంచి 97కి దిగింది. 2030 నాటికి ప్రపంచమంతా 70 కన్నా తక్కువకి రావాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ గీత ముందే దాటేశాయి.

ఇది ఊరికే జరగలేదు. 2005లో మన రాష్ట్రంలో 108 మొదలైంది. అదే ఏడాది జననీ సురక్ష యోజన, ఆశ కార్యకర్తలు వచ్చారు. 2011లో ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రవాణా అన్నీ ఉచితం చేస్తూ జననీ శిశు సురక్ష కార్యక్రమం వచ్చింది. అనంతపురం జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ.. కళ్యాణదుర్గం, కణేకల్లు, బత్తలపల్లిలో ఆసుపత్రులు కట్టింది. ఒకప్పుడు మంత్రసాని చేతిలో జరిగిన కాన్పులు ఆసుపత్రికి మారాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి.

మరి ఇంకేం మిగిలింది? అసలు కష్టమైన భాగమే మిగిలింది. దాదాపు అందరూ ఆసుపత్రికే వస్తున్నప్పుడు కూడా తల్లులు చనిపోతున్నారంటే, సమస్య భవనంలో లేదు. దారిలో ఉంది, సమయంలో ఉంది, చేతి నైపుణ్యంలో ఉంది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. 20-24 ఏళ్ల యువతుల్లో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఇంకోవైపు సిజేరియన్లు ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం, తెలంగాణలో 60 శాతం దాటాయి. దేశ సగటు 21.5 శాతమే. అంటే ఒకచోట అందాల్సిన వైద్యం అందట్లేదు, మరోచోట అవసరానికి మించి కత్తి పడుతోంది. ఈ రెండింటినీ సరిదిద్దేది బాగా చదువుకున్న మనుషులే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2,60,000 మంది మహిళలు గర్భం, కాన్పు కారణాలతో చనిపోయారు. వాళ్లలో అత్యధికులు పేద, దిగువ మధ్యాదాయ దేశాలవాళ్లే. కాబట్టి గుమ్మఘట్టలో మీరు నేర్చుకునే పాఠం గుమ్మఘట్టకే పరిమితం కాదు.

మూడు ఆలస్యాలు.. మూడు రకాల ఉద్యోగాలు

1994లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి చెందిన సెరీన్ థడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఓ సులువైన మాట చెప్పారు. తల్లి ప్రాణం మూడు ఆలస్యాల దగ్గర పోతుందని. ఆసుపత్రికి వెళ్దామని నిర్ణయించుకోవడంలో మొదటి ఆలస్యం. ఆసుపత్రికి చేరడంలో రెండోది. చేరాక సరైన వైద్యం అందడంలో మూడోది. ఇప్పటికీ ప్రపంచమంతా ప్రజారోగ్య తరగతుల్లో ఈ సూత్రాన్నే మొదట చెప్తారు. పైన చెప్పిన రాత్రిని దీంతో చూడండి. ‘తెల్లారేదాకా చూద్దాంలే’ అన్నది మొదటిది. బండి కోసం ఎదురుచూపు రెండోది. రాయదుర్గం నుంచి అనంతపురం పంపడం మూడోది.

మొదటి ఆలస్యం ఇంట్లో పుడుతుంది. డబ్బులు ఎవరి చేతిలో ఉన్నాయి, ప్రమాద లక్షణాలు ఎవరికి తెలుసు, కోడలి మాటకి విలువుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. తలనొప్పి, కళ్లు మసకబారడం, కాళ్లూ మొహం వాయడం బీపీ పెరిగిందనడానికి గుర్తు కావచ్చని తెలిస్తే ఎవరూ తెల్లారేదాకా ఆగరు. ఇక్కడ ఏఎన్ఎం, ఆశలతోపాటు సోషల్ వర్క్, హోంసైన్స్, న్యూట్రిషన్, జర్నలిజం చదివినవాళ్లకి పనుంది. బీఏ చదివి, జనంతో కూర్చుని మాట్లాడటం వచ్చిన విద్యార్థి ఇక్కడ చాలా విలువైన మనిషి.

రెండో ఆలస్యం దారిలో. ఏ పల్లెకి బండి ఎంతసేపట్లో వస్తోంది, ఏ రోడ్డు వానకి తెగుతోంది, బండ్లని ఎక్కడ నిలిపితే అందరికీ దగ్గరవుతాయి.. ఇవన్నీ మ్యాపులు, లెక్కలు, సాఫ్ట్‌వేర్‌తో తేలే ప్రశ్నలు. కంప్యూటర్స్, స్టాటిస్టిక్స్, సివిల్, ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్ల రంగమిది.

మూడో ఆలస్యం ఆసుపత్రి లోపల. ఇక్కడ నర్సులు, మిడ్‌వైఫ్‌లు, ల్యాబ్, అనస్థీషియా, రక్తనిధి టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు కీలకం. ఓ చిన్న ఉదాహరణ చూడండి. కాన్పు తర్వాత రక్తం ఆగడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ని సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. అనంతపురం ఎండల్లో కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే మందు బలం తగ్గుతుంది. నర్సు సరైన సమయానికే ఇచ్చినా పనిచేయకపోవచ్చు. అక్కడ ప్రాణం నిలబెట్టేది ఓ ఫార్మసిస్టు రాసే ఉష్ణోగ్రత రిజిస్టరు, ఓ డిప్లొమా ఇంజినీరు చేసే మరమ్మతు.

పక్క రాష్ట్రం నేర్పిన పాఠం

‘మనలాంటి చోట చదివి ప్రపంచానికి ఏం చెప్తాం’ అనిపిస్తోందా? అయితే బెళగావి సంగతి వినండి.

కాన్పు తర్వాత 500 మిల్లీలీటర్లు, అంతకుమించి రక్తం పోతే ప్రమాదంగా లెక్క. కానీ ఎంత పోయిందో ఎలా తెలుస్తుంది? గుడ్డలు తడిశాయి, నేల తడిసింది, నర్సు కంటితో చూసి ఓ అంచనా వేస్తుంది. ఆ అంచనా చాలాసార్లు తక్కువే ఉంటుంది. ఉత్తర కర్ణాటకలోని బెళగావిలో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ మెడికల్ కాలేజీ పరిశోధకులు అమెరికా యూనివర్సిటీలతో కలిసి దీనిమీద పనిచేశారు. తల్లి కింద పరిచే ప్లాస్టిక్ షీటుకి అడుగున గరాటు లాంటి సంచి, దానిమీద కొలత గీతలు. అంతే. రక్తం ఎంత పోయిందో ఇక అంచనా అక్కర్లేదు, చదివితే చాలు.

ఆ కొలత చేతికొచ్చాక అసలు ప్రశ్నకి జవాబు వెతికారు. ఇంజెక్షన్, ఫ్రిజ్ లేని పల్లెల్లో మిసోప్రోస్టాల్ మాత్ర ఇస్తే రక్తస్రావం తగ్గుతుందా? 2002 నుంచి 2005 దాకా ఆ జిల్లా పల్లెల్లో 1,620 మంది తల్లులతో అధ్యయనం చేశారు. మాత్ర ఇచ్చింది పెద్ద డాక్టర్లు కాదు, పల్లెల్లోని ఏఎన్ఎంలు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 12 శాతం మందికి ప్రమాద స్థాయిలో రక్తస్రావమైతే, అసలు మాత్ర తీసుకున్నవాళ్లలో అది 6.4 శాతానికి తగ్గింది. 2006లో ఈ ఫలితం ‘లాన్సెట్’లో వచ్చింది. ప్రపంచం చదివింది.

కథ అక్కడితో ఆగలేదు. 2023లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ నేతృత్వంలో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో ఈ-మోటివ్ పేరుతో జరిగిన మరో పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. రెండు లక్షలకు పైగా కాన్పులు. అక్కడా అలాంటి గీతల సంచే వాడారు. రక్తస్రావం గీత దాటగానే గర్భాశయాన్ని మర్దన చేయడం, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష.. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి మొదలుపెట్టారు. మామూలు పద్ధతిలో రక్తస్రావాన్ని సగం కేసుల్లోనే గుర్తిస్తుంటే, ఈ పద్ధతిలో 93 శాతం కేసుల్లో గుర్తించారు. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోసి ఆపరేషన్ చేయడం, దానివల్ల మరణం.. ఈ మూడూ కలిపి 60 శాతం తగ్గాయి.

ఇందులో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. ఉన్నవి మూడే. కొలవడం, కొలిచింది చూసి వెంటనే కదలడం, జట్టుగా పనిచేయడం. ఈ మూడూ పుస్తకం బట్టీపడితే రావు. చదువు మారాలి అనేది ఇందుకే.

కాలేజీ మారుతోంది.. మీరు వాడుకుంటున్నారా?

మనదేశంలో డిగ్రీ చదువుకీ, కాన్పు మరణాలకీ ఉన్న సంబంధం పాతదే. 1890ల్లో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు మగ డాక్టరుకి చూపించడం ఇష్టంలేని ఇళ్లలో చనిపోవడం చూసి ఐడా స్కడర్ అనే యువతి అమెరికా వెళ్లి డాక్టరు చదివి తిరిగొచ్చింది. మన చిత్తూరు పక్కనే ఉన్న వేలూరులో సీఎంసీ అలా పుట్టింది. 1946లో దేశంలో తొలిసారి నర్సింగ్‌లో డిగ్రీ మొదలైనచోట్లలో అదొకటి. ఆరోగ్య చదువులకి ప్రత్యేక విశ్వవిద్యాలయం పెట్టిన తొలి రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 1986లో విజయవాడలో వచ్చిన ఆరోగ్య విశ్వవిద్యాలయమే నేటి ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ.

ఇప్పుడు మరో మార్పు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌ని మార్చింది. సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. బొమ్మల మీద ముందు సాధన చేసి, తర్వాతే రోగి దగ్గరకి వెళ్లే సిమ్యులేషన్ పద్ధతికి చోటిచ్చారు. మిడ్‌వైఫరీకి ప్రాధాన్యం పెరిగింది.

నర్సింగ్ కాని డిగ్రీల్లోనూ కదలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులకి పదినెలల ఇంటర్న్‌షిప్ తెచ్చారు. అందులో మొదటి మెట్టు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఫస్టియర్ తర్వాత ఓ ఊరికెళ్లి, సర్వే చేసి, అక్కడి సమస్య మీద పనిచేసి రిపోర్టివ్వాలి. ఉద్దేశం బంగారం. జరుగుతున్నది మాత్రం మీకు తెలుసు. సీనియర్ రిపోర్టు తెచ్చి, ఊరి పేరు మార్చి, జిరాక్స్ సెంటర్‌లో స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తున్నవాళ్లు ఎంతమంది లేరు?

ఆ రెండు నెలలు మీరు నిజంగా వాడుకుంటే? మీ ఊళ్లోనే, మీ డిగ్రీతోనే, తల్లుల ఆరోగ్యం మీద ఓ పని చేయొచ్చు. కొన్ని ఆలోచనలు ఇవిగో.

బీకాం వాళ్లయితే: ‘ఉచిత’ కాన్పుకి ఓ కుటుంబం జేబులోంచి నిజంగా ఎంత పెట్టింది? ఆటో, భోజనం, తోడు వచ్చినవాళ్ల కూలి నష్టం, బయట కొన్న మందులు అన్నీ రాయండి. 2011 పథకం ఉచితమన్న జాబితా పక్కన పెట్టి చూడండి. తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

కంప్యూటర్స్, స్టాటిస్టిక్స్ వాళ్లయితే: మీ పంచాయతీలోని ప్రతి మజరా నుంచి పీహెచ్‌సీకి, సిజేరియన్ చేసే ఆసుపత్రికి, రక్తనిధికి ఎంత దూరం, పగలు ఎంత సమయం, రాత్రి ఎంత సమయం? ఓ చిన్న మ్యాపు గీయండి. సరిహద్దు ఊళ్లవాళ్లు అనంతపురం వెళ్తున్నారా, బళ్లారి వెళ్తున్నారా అన్నదీ అందులో తేలుతుంది.

లైఫ్ సైన్సెస్, హోంసైన్స్ వాళ్లయితే: గర్భిణులకి ఆర్నెల్లపాటు రోజుకో ఐరన్ మాత్ర ఇస్తారు. తీసుకున్నవాళ్లంతా వేసుకుంటున్నారా? వాంతి వస్తోందని మానేశారా, టీతో కలిపి వేసుకుంటున్నారా? టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదని వాళ్లకెవరైనా చెప్పారా? హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే గర్భిణికి రక్తహీనత ఉన్నట్టు. ఏడుకన్నా తగ్గితే తీవ్రం. అలాంటి తల్లికి, మిగతావాళ్లు తట్టుకోగలిగిన రక్తస్రావం కూడా ప్రాణాంతకమవుతుంది.

బీఏ వాళ్లయితే: ఆసుపత్రికి వెళ్దామని ఇంట్లో ఎవరు అంటారు, ఎవరి మాట చెల్లుతుంది? బెంగళూరుకు వలస వెళ్లిన గర్భిణి అక్కడ పరీక్షలు చేయించుకుంటోందా, తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకెళ్తోందా? ఐదుగురితో ఓపిగ్గా మాట్లాడినా చాలు. వాళ్ల మాటల్లోనే రాయండి.

అయితే కొన్ని హద్దులు పాటించండి. ముందు పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకి, సర్పంచికి చెప్పి వెళ్లండి. ఆశ అక్కనో, ఏఎన్ఎం అక్కనో వెంటబెట్టుకోండి. రిపోర్టులో ఎవరి పేరూ రాయొద్దు, ఫొటోలు తీయొద్దు. బిడ్డని పోగొట్టుకున్న తల్లిని గుచ్చిగుచ్చి అడగొద్దు. వైద్య సలహాలు మీరివ్వొద్దు, ఆసుపత్రికి పంపండి. చివర్లో మీకు తెలిసింది ఊళ్లోవాళ్లకీ చెప్పండి. వాళ్ల సమయం తీసుకున్నారు కదా, అది వాళ్ల హక్కు.

రేపు ఇంటర్వ్యూలో ‘నీ ప్రాజెక్టు గురించి చెప్పు’ అంటారు. అప్పుడు ‘మా ఊళ్లో పదిమంది తల్లుల్ని కలిశాను సర్, రాత్రిపూట రక్తనిధికి ఎంత సమయం పడుతుందో లెక్కగట్టాను’ అని చెప్పే విద్యార్థినీ, దించిన రిపోర్టు పేజీలు తిప్పే విద్యార్థినీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. మీరే బోర్డు మెంబరయితే ఎవరికిస్తారు?

ఏ చదువు.. ఏ దారి?

ఏఎన్ఎం: ఇంటర్ ఏ గ్రూపుతో పాసైన అమ్మాయిలైనా చేరొచ్చు. వ్యవధి రెండేళ్లు. పల్లెలో మొదటి మెట్టు ఉద్యోగం. ఊరి తల్లులందరి వివరాలు నోటికి చెప్పగలిగే మనిషి ఏఎన్ఎం.

జీఎన్ఎం: మూడేళ్ల డిప్లొమా. ఇంగ్లిష్ ఓ సబ్జెక్టుగా ఇంటర్ పాసవ్వాలి. స్టాఫ్ నర్సు ఉద్యోగాలకి దారి.

బీఎస్సీ నర్సింగ్: నాలుగేళ్లు. ఇంటర్ బైపీసీ, ఇంగ్లిష్‌తో నిర్ణీత మార్కులుండాలి. ప్రవేశ పద్ధతి ఏటా నోటిఫికేషన్‌లో మారుతుంటుంది, అది చూశాకే దరఖాస్తు చేయండి. సబ్‌సెంటర్లు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా మారాక కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉద్యోగాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లని ఎంఎల్‌హెచ్‌పీలంటారు. పల్లె క్లినిక్‌లో మొదటి అధికారి బాధ్యత ఓ నర్సుదే అన్నమాట.

నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ: జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ తర్వాత, పని అనుభవంతో 18 నెలల శిక్షణ. కేంద్రం 2018లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకన్నా ముందే, 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో నర్సులకి ఈ శిక్షణ మొదలుపెట్టాయి. ఏ ఇబ్బందీ లేని కాన్పుని మిడ్‌వైఫ్ చేస్తుంది. ఇబ్బంది కనిపించగానే డాక్టరుని పిలుస్తుంది. సిజేరియన్లు 60 శాతం దాటిన రాష్ట్రంలో ఆమె అవసరం ఎంతో వేరే చెప్పాలా? ప్రపంచంలో తొమ్మిది లక్షలమంది మిడ్‌వైఫ్‌ల కొరత ఉందని 2021లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధి నివేదిక తేల్చింది. శ్రీలంక ధనిక దేశం కాకపోయినా, పల్లెపల్లెకి శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ని పంపి తల్లుల మరణాలు తగ్గించింది.

పారామెడికల్: మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ, అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ కోర్సులు డిప్లొమా, డిగ్రీ స్థాయిల్లో ఉన్నాయి. ఈ వృత్తుల కోసం 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. అబ్బాయిలకీ మంచి అవకాశం.

ఏ డిగ్రీ అయినా చేశాక: పబ్లిక్ హెల్త్‌లో పీజీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ వంటి చోట్ల ఎంపీహెచ్ ఉంది. అర్హతలు సంస్థని బట్టి మారతాయి. పోషకాహారం మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ. సోషల్ వర్క్, హోంసైన్స్‌కి తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మనకి దగ్గర.

నిజాలు కూడా తెలుసుకోండి

ఈ రంగంలో అంతా పూలబాట అని చెప్తే అది మోసం. నైట్ డ్యూటీలు తప్పవు. చాలా ప్రభుత్వ పోస్టులు కాంట్రాక్టువే. ప్రైవేటులో మొదటి జీతం మీ స్నేహితుడి సాఫ్ట్‌వేర్ జీతంతో పోటీపడదు. ‘నర్సు పనా?’ అని మూతి విరిచే బంధువు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్లే కూతురి కాన్పప్పుడు మీ ఫోన్ నంబర్ వెతుక్కుంటారనుకోండి, అది వేరే సంగతి.

మరోపక్క చూస్తే, ఈ పని ఊరికి దగ్గర్లో దొరుకుతుంది. బెంగళూరు బస్సెక్కకుండా రాయదుర్గంలో, కళ్యాణదుర్గంలో బతకొచ్చు. అనుభవం పెరిగేకొద్దీ విలువ పెరుగుతుంది. విదేశాలకి వెళ్లాలనుకున్నా దారి ఉంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు విదేశీ ఉద్యోగాల ప్రకటనలిస్తుంటాయి. ఏజెంట్ చేతిలో డబ్బు పెట్టేముందు వాటి వెబ్‌సైట్లు చూడండి.

చేరేముందు ఈ నాలుగూ చూడండి

1. కాలేజీకి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? ఆ జాబితాలో పేరు మీరే వెతకండి. ‘వచ్చేస్తుంది’ అన్న మాట నమ్మొద్దు. ఆర్నెల్లలో నర్సుని చేస్తామనే బోర్డులకి దూరంగా ఉండండి. కోర్సు పూర్తయ్యాక కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ లేకపోతే నర్సుగా పనిచేయలేరు.

2. కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, లేదా ఏ ఆసుపత్రితో ఒప్పందముంది? అక్కడ నెలకి ఎన్ని కాన్పులు జరుగుతాయి? కాన్పులు లేని ఆసుపత్రిలో కాన్పు చేయడం నేర్చుకోలేరు. అడ్మిషన్ కౌంటర్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

3. స్కిల్ ల్యాబ్ తాళం తీయించి చూడండి. బొమ్మల మీద దుమ్ముంటే అర్థమైపోతుంది.

4. ఫీజు ఒక్కటే కాదు, హాస్టల్, యూనిఫాం, పరీక్ష ఫీజులన్నీ కలిపి రాయించుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కాలేజీకి వర్తిస్తుందో లేదో కనుక్కోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు రసీదు అడగండి.

అబ్బాయిలకి ఓ మాట. కాన్పు ఆడవాళ్ల వ్యవహారం అని పక్కకి తప్పుకోకండి. 108 బండి నడిపేదీ, రక్తం ఇచ్చేదీ, ‘ఇప్పుడే బయల్దేరదాం’ అనాల్సిందీ మీరే. ఈ వారం ఓ చిన్న పని చేయండి. మీ రక్తం గ్రూపు కనుక్కోండి. మీకు దగ్గర్లోని రక్తనిధి ఎక్కడుందో, రాత్రి పన్నెండుకి అక్కడ ఫోను ఎవరు ఎత్తుతారో తెలుసుకుని ఫోన్లో సేవ్ చేసుకోండి.

అమ్మాయిలకీ ఓ మాట. డిగ్రీ మధ్యలో సంబంధాలు చూస్తారు. మీరు చదువు పూర్తిచేయడమే మీ ఆరోగ్యానికి మొదటి రక్ష. చదువుకున్న అమ్మాయి ఆలస్యంగా తల్లవుతుంది, ముందుగా ఆసుపత్రికి వెళ్తుంది, ప్రశ్న అడుగుతుంది. ఇంట్లోవాళ్లకి ఈ పేజీ చదివి వినిపించండి.

మొదట్లో చెప్పిన రాత్రికి మళ్లీ వెళ్దాం. ఈసారి అత్తకి ప్రమాద లక్షణాలు ముందే తెలుసు, ఎందుకంటే ఓ బీఏ విద్యార్థి ప్రాజెక్టు కోసం వచ్చి ఆశ అక్కతో కలిసి మీటింగు పెట్టించాడు. హిమోగ్లోబిన్ ఏడో నెలలోనే పెరిగింది, ఎందుకంటే ఐరన్ మాత్ర టీతో వేసుకోకూడదని హోంసైన్స్ అమ్మాయి చెప్పింది. రాయదుర్గంలో నర్సు రక్తాన్ని కంటితో అంచనా వేయలేదు, గీత చూసింది, వెంటనే కదిలింది. ఫ్రిజ్‌లో ఇంజెక్షన్ చల్లగానే ఉంది. అనంతపురం వెళ్లాల్సిన అవసరమే రాలేదు.

ఆ నర్సు, ఆ విద్యార్థి, ఆ ఫార్మసిస్టు ఎక్కడి నుంచో రారు. ఈ ఏడాది అడ్మిషన్ ఫారం నింపుతున్నవాళ్లలో నుంచే రావాలి. మీ ప్రాజెక్టు టాపిక్ ఇంకా ఖరారు కాలేదా? రేపు ఉదయం మీ ఊరి ఏఎన్ఎం అక్కని అడగండి. చేతినిండా పని చూపిస్తుంది.